మట్టికి ఇచ్చిన నోటీసు

తెల్లవారినప్పటి నుంచి వాన. కాఫీ తోటలో కలుపు తీస్తుంటే కింద కేకలు వినిపించి దిగాను.

రిసార్టు కోసం మా ఊరి పైన కొండవాలును జేసీబీతో కోశారు. వాన నీటికి కాలువ తీయలేదని పంచాయతీ సెక్రటరీ మొన్న పని ఆపించాడు. తనిఖీ అయ్యేవరకు అక్కడ ఎవరూ మట్టి తవ్వకూడదని నోటీసు అంటించాడు. ఈ రోజు ఆ కోతలోంచి ఎర్ర నీరు మా ఊరి రైతు సోమన్న ఆకుమడి మీదికి దిగింది. ఈ ఏడు నాటడానికి అతనికున్న నారంతా అందులోనే ఉంది. నీరు మళ్లిద్దామని సోమన్న పార పట్టుకుని పైకెళ్తే రిసార్టు సూపర్‌వైజర్ అడ్డం నిలబడ్డాడు.

“నోటీసు సదవలేదేటి? పార దించితే నీ మీదే కేసు.”

“అది మీ జేసీబీకి గదా ఇచ్చారు బాబూ?”

“మట్టికి ఇచ్చారు.”

“అయితే ఆ నీళ్లకి సూపించు, ఆగుతాదేమో.”

సూపర్‌వైజర్ అతన్ని గుండెల మీద తన్నాడు. సోమన్న బురదలోంచి లేచి, పార తిరగేసి సూపర్‌వైజర్ మోకాలి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోది పడకుండా సోమన్న నడుం పట్టుకుంటే, అతని మోచెయ్యి తగిలి నా ముందు పన్ను ఊడింది. ఇద్దర్నీ విడదీసేసరికి ఆకుమడి కనబడలేదు, బురదే ఉంది.

నోటీసు మాత్రం తడవలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించారు. నీళ్లకి కూడా నోటీసు ఇవ్వొచ్చేమో, తెలిసినవాళ్లు చెప్పండి.

సూపర్‌వైజర్‌ని పన్నెండింటికి అంబులెన్సులో తీసుకెళ్లారు. సోమన్నను మూడింటికి పోలీసులు జీపెక్కించారు. సెక్రటరీ తనిఖీకి నాలుగింటికి వచ్చి, నాలుగుంపావుకి వెళ్లిపోయాడు.