ఆవు కోసం కొన్న గడ్డి మిషను

పచ్చగడ్డిని సన్నగా తరిగి, తడి ఆరకముందే గోనెసంచిలో కుక్కి పెడితే ఎలాంటి వాసన వస్తుందో చాలామందికి తెలియదు. నాకు తెలుసు. పులిసి పొంగిన దోసెపిండిలో ఎవరో పెట్రోలు పోసినట్టుంటుంది. ఇప్పటికీ ఎవరింటి ముందైనా లాను కనిపిస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను.

మేముండేది తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో కొత్తగా వేసిన లేఔట్‌లో. మా ఆయన రిటైరైన తర్వాత ఆ లేఔట్ సంఘానికి అధ్యక్షుడయ్యారు. అధ్యక్షుడి ఇంటి ముందు మునగచెట్టూ కనకాంబరాలూ ఏం బాగుంటాయని వాటిని పీకించి, చాపల్లా చుట్టి అమ్మే లాను గడ్డి తెప్పించి పరిపించారు. ఎండాకాలం వస్తే బోర్లు ఎండిపోయి ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడే ఊరు మాది. అక్కడ కూరకూ పనికిరాని, పూజకూ పనికిరాని గడ్డికి రెండు పూటలా నీళ్లు. మొదటి రోజు నుంచే నాకది రోత.

వానలు పడగానే అది చీలమండలు దాటి పెరిగింది. ఇక మిషను కొనాల్సిందేనని ఆయన నన్ను వెంటబెట్టుకుని తిరుపతిలో వ్యవసాయ పనిముట్లు అమ్మే అంగడికి తీసుకుపోయారు. అక్కడ మూడు రకాలు చూపించారు. ఒకటి చేత్తో తోసేది. చక్రాలు తిరిగితే కత్తులూ తిరుగుతాయి, అంతే. ఇంకొకటి కరెంటుది, వెనకాలే వైరు ఈడ్చుకుంటూ తిరగాలి. మూడోది పెట్రోలుది, వెనక పెద్ద సంచి వేలాడుతూ ఉంది. నేను చేత్తో తోసేదాన్ని అంగడి బయట కొంచెం తోసి చూశాను. తేలికగా ఉంది, చప్పుడు లేదు. పది మంచాలు వేస్తే నిండిపోయే మా జాగాకి అది ఎక్కువే. అదే తీసుకుందామన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. అధ్యక్షుడు చొక్కా తడుపుకుంటూ మిషను తోస్తే జనం ఏమనుకుంటారని ఆయన బెంగ.

కత్తి పదును గురించి అడగలేదు. బరువెంతో, చెడిపోతే బాగుచేసేవాళ్లు ఎక్కడున్నారో అడగలేదు. పెట్రోలు మిషను చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, కోసిన గడ్డి ఎక్కడ పడుతుందని మాత్రం అడిగారు. సంచిలో పడుతుందని అంగడాయన చెప్పాడు.

"గోమాతకు పోయే గడ్డి నేలపాలు కాకూడదు గదప్పా. ఇదే ఇయ్యి," అన్నారు ఆయన.

ఇంత భక్తిగా మిషను ఎంచుకునేవాళ్లను తాను చూడలేదని అంగడాయన చేతులు జోడించాడు. నాకు ఒళ్లు మండింది. మా ఊళ్లో గుడి వీధుల్లో ఆవును పక్కన కట్టుకుని గడ్డి కట్టలు అమ్ముతుంటారు. జనం ఒక కట్ట కొని, ఆవు నోటికి అందించి, తోక కళ్లకద్దుకుని కారెక్కి పోతారు. ఆ పుణ్యం ఇంటి ముందే పండించుకోవచ్చని మా ఆయన లెక్క. లాను తరిగే మిషనును ఆవును బట్టి ఎంచుకున్న మనిషి లోకంలో ఆయనొక్కరే అయుండాలి.

ఆవు కూడా సిద్ధంగా ఉంది. మాకు పాలు పోసే ఆమెది. ఆమెకున్నది ఆ ఒక్క ఆవే, బతుకంతా దాని మీదే. దాన్ని మా ఇంటి పక్క ఖాళీ జాగాలో కట్టేది. పేడ, ఈగలు, దోమలు అని లేఔట్‌లో అందరూ గొణుగుతుంటే, ఆమెను అక్కడ ఉండనిచ్చింది మా ఆయనే. ఆ సంగతి ఆమెకు గుర్తుచేయకుండా ఒక్క వారం కూడా గడవనిచ్చేవారు కాదు.

మిషను వచ్చిన రోజు దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పెట్రోలు ట్యాంకుకు విభూతి రేఖలు దిద్ది, పక్కనే కర్పూరం వెలిగించబోతే పళ్లెం నేనే లాక్కున్నాను. తర్వాత ఆయన మిషను నడిపారు. పొగ, చెవులు పగిలే మోత. వీధికుక్క రాత్రి చేసిపోయిన పాడుపని కూడా గడ్డితో పాటే లేచి వరండా గోడకు కొట్టుకుంది. సంచి విప్పితే లోపల తెగిన కప్ప. కాలు ఒకచోట, పొట్ట ఒకచోట. ఆయన పుల్లతో ఆ ముక్కలు ఏరి పారేసి, గడ్డిని భద్రంగా గోనెసంచిలోకి దించుకున్నారు. నేను బాత్రూములోకి పోయి వాంతి చేసుకున్నాను.

అది బుధవారం. ఆవుకు శుక్రవారం పెడితే ఫలం ఎక్కువని సంచి మూతి బిగించి మెట్ల కింద దాచారు.

శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, జరీ అంచు పంచె కట్టుకుని సంచి విప్పారు. వేడి ఆవిరి కొట్టింది. గడ్డి నల్లబడి, జిగురుగా అంటుకుపోయి ఉంది. పెంటలో పారేయమని చెప్పాను. ఆయన చెవిన వేసుకోలేదు. పాలామె ముక్కు చిట్లించి, ఆవుకు ఇప్పుడే తవుడు పెట్టానని, సాయంత్రం తానే పెడతానని నెమ్మదిగా చెప్పింది. మంచి గడియ దాటిపోతుందన్నారు ఆయన. ఆమె పక్కకు జరిగింది. ఆవు మూతి పెట్టి, వాసన చూసి తల తిప్పుకుంది. నోరులేని జంతువుకున్న అసహ్యం కూడా ఆ మనిషికి లేకపోయింది. ఇంట్లోకి వచ్చి బెల్లం పట్టుకుపోయి, దంచి గడ్డి మీద చల్లారు. బెల్లం రుచికి ఆవు తినేసింది.

సాయంత్రానికి దాని ఎడమ డొక్క ఉబ్బి ఎముకలు దాటి పైకి లేచింది. పడుకోలేదు, నిలబడలేదు, నోటి నుంచి సొంగ. పాలామె దాని మెడ కరుచుకుని అటూ ఇటూ చూస్తోంది. నేనే పశువుల డాక్టరుకు ఫోను చేశాను. డాక్టరు వచ్చి డొక్కలోకి లావుపాటి సూది దించితే గాలి బుస్సుమని వచ్చింది. ఆ కంపు మా వంటింట్లోకి కూడా పాకింది. సన్నగా తరిగిన గడ్డి మూటలో మగ్గితే పులిసిపోతుందని, ఆవు దాన్ని నమలకుండా మింగేస్తుందని, అందుకే గాలి పట్టిందని డాక్టరు చెప్పాడు. ఈ కుళ్లు పెట్టిందెవరని అడిగాడు. పాలామె ఆవు మూతి సొంగ కొంగుతో తుడవసాగింది.

పెట్టిన మనిషి మా గేటు దగ్గర ఫోనులో ఉన్నారు. డాక్టరుకు నీళ్లు తేవడానికి లోపలికి పోతూ ఆ మాటలు నా చెవులారా విన్నాను. అవతల మా పురోహితుడు. ఒకవేళ ఆవు పోతే ఆ పాపం గడ్డి పెట్టినవాడికా, ఆవు గలవాళ్లకా అని అడుగుతున్నారు. ఇన్నేళ్లు పక్కపక్కన కూర్చుని తిన్న మనిషి మీద నాకు అంత వెగటు ఎప్పుడూ పుట్టలేదు.

ఆవు బతికింది. ఆయన చిన్న వెండి ఆవు చేయించి పురోహితుడికి దానమిచ్చి, ఆ పరిహారం వల్లే అది నిలబడిందని లేఔటంతా చెప్పుకున్నారు. డాక్టరు ఊసు ఎక్కడా రాలేదు. చాలారోజులకు పాలామె మళ్లీ పాలు తెచ్చినప్పుడు, వరండాలో కూర్చున్న ఆయన ఆ కథే ఆమెకూ వినిపించారు. ఆమె క్యాను కింద పెట్టి, ఆయన కాళ్లకు మొక్కింది. ఆయన చెయ్యెత్తి దీవించారు.

ఆమెను రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను. నీ ఆవును చావుదాకా తీసుకుపోయింది ఆయన పెట్టిన గడ్డేనని, డాక్టరు చెప్పింది నువ్వు వినలేదా అని, అలాంటి మనిషి కాళ్లు ఎందుకు పట్టుకున్నావని కడిగేశాను. ఆమె కొంగుతో క్యాను మూతి తుడిచింది.

"నాకు తెలుసు గదమ్మా. ఆపొద్దు సంచి ఇప్పినప్పుడే తెలుసు. వద్దంటే నా ఆవును యాడ కట్టుకునేది?"

బయట నుంచి ఆయన గొంతు వినిపించింది. గడ్డి మళ్లీ పెరిగిందని, ఈ శుక్రవారం ఆవును కాస్త ఆకలి మీద ఉంచమని చెబుతున్నారు.

"అట్నే సారూ," అనింది ఆమె. పాలు గిన్నెలో పోసి, పోతూ పోతూ ఆయనకు మళ్లీ దండం పెట్టింది.