ఒకే సైజు బంతులు రెండు

పొందూరు దగ్గర హైస్కూల్లో సైన్సు చెప్పే రోజుల్లో నా కోపం ముక్కు మీదుండేది. ఇప్పుడూ ఉందిలెండి, కాకపోతే ఇప్పుడు నా మీదే నాకు.

జిల్లా సైన్సు ఫెయిర్‌కి మా బడి నుంచి ఒక్క నమూనాయే పంపాలి. పదో తరగతి పిల్ల ఒకతె రెండు బంతులు చేసి తెచ్చింది. రెండూ ఒకే సైజు. ఒకదాని మీద ‘గురుగ్రహం’ అనీ, రెండోదాని మీద ‘అతి చిన్న నక్షత్రం’ అనీ చీటీలు. నాకు ఒళ్లు మండిపోయింది. కోపమొస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది.

“ఒసే, నచ్చత్రం గ్రహమంతే ఉంటాదేటే? నీకు బుర్రున్నాదా?” అన్నాను అందరి ముందూ.

ఆ పిల్ల బెదరలేదు. వాళ్లమ్మ నూలు వడుకుతుంది. “బుట్టలో పత్తి మీద పత్తి ఏస్తే కిందది అణిగిపోతాది కదా మేడమ్. గురుడి మీద ఎంత బరువేసినా అలాగే లోపలికి నొక్కుకుంటాది గానీ పెద్దగా లావవదు. ఎనభై గురుళ్ల బరువుంటే గానీ నచ్చత్రమై వెలగదు. వెలిగినా సైజు ఇంచుమించు అంతే,” అంది. ఫోన్లో చూసిందట.

“ఫోన్లో సూసినవన్నీ నిజాలేటి?” అన్నాను. క్లాసంతా గొల్లున నవ్వింది. ఫెయిర్‌కి వేరేవాళ్ల అగ్నిపర్వతం వెళ్లింది.

మూడేళ్ల తర్వాత విజయనగరంలో మాకు శిక్షణ పెట్టారు. లెక్చరరు గారు బోర్డు మీద పక్కపక్కనే ఒకే సైజు సున్నాలు రెండు గీసి, ఆ పిల్ల చెప్పిందే చెప్పారు. 

మర్నాడే ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. పదితోనే చదువు మానేసిందని తెలుసు. ఎందుకని ఏనాడూ అడగలేదు, సిగ్గులేనిదాన్ని. రాట్నం ముందు కూర్చునుంది.

“నువ్వు చెప్పిందే రైటమ్మా. తప్పు నాదే,” అన్నాను.

“నాకు తెలుసు మేడమ్. ఆ మాట మా అయ్యతో సెప్తారా? మేడమే బుర్ర నేదన్నాక ఇంకేటి సదువుతావని మాన్పించేసినాడు. మీరు సెప్తే ఇప్పుడైనా ఇంటర్‌లో ఎయ్యమంటాను.”

వాళ్ల నాన్న వాకిట్లోనే ఉన్నాడు. తప్పు నాదని, మీ అమ్మాయి తెలివైనదని, చేతులు జోడించి చెప్పాను. ఆయన కంగారుపడి లేచి, కుర్చీ తెచ్చి వేశాడు.

“పిల్ల మనసు కష్టపడకూడదని ఇంత దూరం వచ్చినారు. మీది దొడ్డ మనసు మేడమ్,” అన్నాడు నవ్వుతూ. “దాని సంగతి మాకు తెల్దేటి?”

ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి అంతా వింది.