పదకొండు నిమిషాలు

మేబెల్ గారు కందిపప్పులో రాళ్లు లెక్కపెట్టేవారు. ఇది ఆవిడ మీద చాడీ కాదు. ఆవిణ్ణి ఆ పనికి పెట్టుకున్నది మేమే. కాకపోతే రాళ్లు లెక్కపెట్టమని మేం చెప్పలేదు. దుకాణానికి వెళ్లి, సరుకు చూసి, 'బాగుంది', 'పర్వాలేదు', 'బాగాలేదు' అన్న మూడు గళ్లలో ఏదో ఒకదానికి టిక్కు పెట్టమన్నాం, అంతే. ఆవిడ అరకేజీ పప్పు కొని ఇంటికి తీసుకెళ్లి, పళ్లెంలో పోసి ఏరి, ఫారం పక్కన 'రాళ్లు మూడు, పుచ్చులు ఏడు' అని రాసి తెచ్చారు.

అది రెండువేల ఆరు. జంటనగరాల్లో సందుకో సూపర్‌మార్కెట్ మొలుస్తున్న రోజులు. నా పేరు వరహాలబాబు. విజయనగరం అవతల మా ఊరు. బన్సీలాల్‌పేట్‌లో ఒక గది తీసుకుని, ప్యారడైజ్ దగ్గర ఒక సర్వే ఆఫీసులో గుమాస్తాగా చేస్తుండేవాణ్ణి. మన రాష్ట్రంలోనే పుట్టిన మూడు దుకాణాల సంస్థలు, ముంగిలి, సంతఫ్రెష్, నవరుచి అని, వాటిలో ఎవరి సరుకు మేలు, ఎవరి మర్యాద మేలు అని పోల్చి చెప్పాలి. ఆ పని మాకు అప్పగించింది ముంగిలి వాళ్లే. మామూలు కొనుగోలుదారుల్లా వెళ్లి, తామెవరో చెప్పకుండా చూసి రావడానికి మనుషులు కావాలని పేపర్లో వేశాం. వచ్చినవాళ్లలో మేబెల్ గారొకరు.

యాభై మూడేళ్లు. ముప్పై ఏళ్లు ఒక మోటార్ల కంపెనీలో స్టెనో. కంపెనీ మూతపడ్డాక ఇంట్లోనే ఉంటున్నారు. పెళ్లి చేసుకోలేదు. నర్సాపురం వైపు నుంచి వచ్చిన కుటుంబం. తల్లితో కార్ఖానా అనే పేటలో మేడమీద రెండు గదుల్లో ఉండేవారు. ఆ తల్లి పోయి రెండేళ్లయింది. ఇంటర్వ్యూలో అందరూ ఎంతిస్తారని అడిగితే ఆవిడ ఒక్కటే అడిగారు.

"దుకాణంలో వాళ్లతో మాట్లాడొచ్చా అండీ?"

"మాట్లాడొచ్చండి. మీరెవరో మాత్రం చెప్పకూడదు. చెప్పనని ఈ కాగితం మీద సంతకం పెట్టాలి."

"చెప్పనంటే చెప్పను బాబూ," అని సంతకం పెట్టారు. అంత పొందికైన సంతకం మా ఆఫీసులో ఎవరిదీ కాదు.

పని మాత్రం ఆవిడలా ఎవరూ చేయలేదు. మూడు దుకాణాల్లోనూ ఒకే రోజు కందిపప్పు కొని, ఒకే కుక్కర్లో మూడు గిన్నెలు పెట్టి, నాలుగు కూతలు రానిచ్చి, ఎవరి పప్పు ఉడికిందో ఎవరిది ఉడకలేదో రాసి తెచ్చారు. నేను నవ్వి, అంత పప్పు ఏం చేశారని అడిగాను.

"తిన్నాను బాబూ. ఒక్కదాన్నే కదా, రెండు రోజులు వచ్చింది."

ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

ఆవిడ లెక్క ప్రకారం సంతఫ్రెష్‌లో కూరలు మేలు. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి తెల్లారేసరికి తెస్తారు కాబట్టి టమాటాలు గట్టిగా ఉంటాయి. కానీ గుమ్మం దగ్గర కాపలా మనిషి సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతాడు, తల ఎత్తి చూడడు. నవరుచిలో పెరుగు బాగుంటుంది, నేల అద్దంలా ఉంటుంది, అమ్మాయిలు సాయంత్రం అయిదింటికి కూడా గుడ్ మార్నింగ్ అంటారు. ముంగిలిలో పప్పులో రాళ్లున్నాయి, బ్రెడ్డు ఒకరోజు పాతది. అయినా మర్యాదలో అన్నిటికన్నా ముంగిలి మేలని ఆవిడ తేల్చారు. ఎందుకో చెప్పడానికి ఫారం చాలక, ఒక తెల్లకాగితం రెండు వైపులా రాసి జతచేశారు.

ఆ కాగితంలో ఉన్నదంతా గవరమ్మ గురించే. ముంగిలి కార్ఖానా శాఖలో బిల్లు కొట్టే పిల్ల. "ఛాతీ మీది బిళ్ల చూసి పేరు తెలుసుకున్నాను. ఈ కాలపు పిల్లకి ఈ పేరేమిటని అడిగితే నాయనమ్మ పేరని చెప్పింది. ఆవిడ అనకాపల్లి నుంచి వచ్చి బోయిన్‌పల్లి మార్కెట్లో కూరలమ్మి వీళ్లను పెంచిందట. ఈ అమ్మాయి నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగింది. కిందటి వారం కొన్న చింతపండు బాగుందా అని అడిగింది. బాగాలేదంటే, ఈసారి వద్దని తనే పక్కన పెట్టింది. నా వెనక ఎవరూ లేరు. దుకాణం ఖాళీగా ఉంది. వచ్చేటప్పుడు 'మళ్ల రాండ్రి ఆంటీ' అంది. ఆ మాట కంపెనీ నేర్పింది కాదని నా అభిప్రాయం."

ఆ కాగితం నేను రెండుసార్లు చదివాను. సిటీకి వచ్చి మూడేళ్లయినా నన్ను ఏ కౌంటర్లోనూ ఎవరూ ఏమీ అడగలేదు. బ్రెడ్డు ప్యాకెట్టు తీసుకెళ్లి బల్ల మీద పెడతాను, చిల్లర తీసుకుంటాను, వచ్చేస్తాను. ఆవిడ అదృష్టానికి కొంచెం కుళ్లుకున్నాను కూడా.

తర్వాత ఫారం కంప్యూటర్లోకి ఎక్కించాను. పదిహేడో ప్రశ్న: బిల్లింగ్ దగ్గర పట్టిన సమయం. ఆవిడ రాసింది పదకొండు నిమిషాలు. పద్దెనిమిది: సిబ్బంది పనికి సంబంధం లేని మాటలు మాట్లాడారా? అవును. పంతొమ్మిది: సిబ్బంది పేరు. గవరమ్మ. జతచేసిన కాగితాన్ని ఎక్కడ ఎక్కించాలో తెలియక మా మేనేజర్ తాతారావు గారిని అడిగాను.

"గడిలో పట్టనిది రిపోర్టులో పట్టదయ్యా," అన్నారాయన.

అదీ నిజమే కదా అనుకుని కాగితాన్ని ఫైల్లో పెట్టేశాను. మిగతా కౌంటర్లలో సగటు మూడు నిమిషాలు. పదకొండు ఉన్న గడి దానంతటదే ఎర్రగా మారింది. ఆ రంగు వచ్చేలా పెట్టింది కూడా నేనే.

నెల తర్వాత రెండో విడతకి వెళ్లిన మేబెల్ గారికి ఆ కౌంటర్లో వేరే అమ్మాయి కనిపించింది. గవరమ్మ ఏదని అడిగితే, బోయిన్‌పల్లి గోడౌన్‌కి వేశారని చెప్పింది. గోడౌన్‌లో పని అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పప్పులు ఏరి, పొట్లాలు కట్టి సీలు వేయడం. అక్కడికి బయటి మనిషిని రానివ్వరు. మేబెల్ గారు మోకాలి నొప్పితోనే అక్కడి బస్టాపులో గంటన్నర నిలబడ్డారట. గవరమ్మ వచ్చింది, ఆంటీ అని చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత జరిగింది మర్నాడు మా ఆఫీసులో నా ఎదురు కుర్చీలో కూర్చుని, ఒక్క అక్షరం పోకుండా ఆవిడే చెప్పారు. స్టెనో కదా.

"'ఎవరో సర్వేవాళ్లు వచ్చి నా మీద రాసిచ్చిన్రంట ఆంటీ, ముచ్చట్లు పెడుతదని. గా మనిషికి నేనేం తక్లీఫ్ ఇచ్చిన్నో ఏమో. మంచిగనే మాట్లాడిన గద' అంది బాబూ."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? చెప్పనని మీకు సంతకం పెట్టాను. 'మీ మోకాలు ఎట్లున్నది ఆంటీ, గిట్ల నిలబడొద్దు' అని నన్నే బస్సెక్కించింది."

ఆవిడ ఏడవలేదు. రుమాలుతో కళ్లజోడు తుడుచుకున్నారు. నాకైతే బల్ల కింద దూరాలనిపించింది.

"నేను మెచ్చుకుంటూ రాశానే. అదంతా వాళ్లు చదవలేదా?"

"ఆ కాగితం వెళ్లలేదండి. దానికి గడి లేదు," అన్నాను.

ఆవిడ ఒక తెల్లకాగితం అడిగారు. నెమ్మదిగా, ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో రాశారు. 'ఆ రోజు నా గడియారం సరిగ్గా నడవలేదు. పదకొండు నిమిషాలని రాసింది నా పొరపాటు. బిల్లుకు రెండు నిమిషాలే పట్టింది. పనికి సంబంధం లేని మాటలేవీ మాట్లాడలేదు. దయచేసి ఆ అమ్మాయిని తిరిగి కౌంటర్లో వేయగలరు.' కింద సంతకం. ఆ సంతకం మాత్రం కొంచెం వంకర పోయింది.

నేను ఆవిడ చేతి గడియారం వంక చూశాను. పాతికేళ్ల సర్వీసు నిండినప్పుడు కంపెనీ ఇచ్చినది. రోజూ పొద్దున రేడియో వార్తలతో సరిచూసుకుంటానని ఆవిడే ఒకసారి చెప్పారు. మా గోడ గడియారం కంటే అదే సరిగ్గా ఉంది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పాలని మా అమ్మ పెంచింది బాబూ," అని లేచారు. "ఆదివారం గుడిలో అందరూ వందనాలంటారు. నేనూ వందనాలంటాను. అక్కడితో సరి. ఇంటికొస్తే మళ్లీ ఆదివారం దాకా నోరు తెరిచే పని లేదు. ఆ పిల్ల ఒక్కతే నన్ను మాట్లాడించేది. ఇది పంపండి."

"తప్పకుండా పంపుతానండి," అన్నాను.

తాతారావు గారు ఉత్తరం చదివి వెనక్కి ఇచ్చేశారు. "ఇది పంపితే మన సర్వే తప్పని మనమే ఒప్పుకున్నట్టు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల," అన్నారు. ఆయనను ఎదిరించే ధైర్యం నాకు లేదు. ఎదిరిస్తే ఉద్యోగం పోయేదా అంటే, పోయేది కాదేమో. ఆ మాట ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకోలేకపోయాను. ఉత్తరాన్ని ఫైల్లో, గవరమ్మను మెచ్చుకున్న కాగితం మీదే పెట్టాను.

మేబెల్ గారు ప్రతి సోమవారం ఫోన్ చేసేవారు.

"జవాబు వచ్చిందా బాబూ?"

"ఇంకా రాలేదండి."

పంపని ఉత్తరానికి జవాబు రాలేదనడం అబద్ధం కాదని నన్ను నేను బుజ్జగించుకున్నాను. ఆరు సోమవారాలు అలా గడిచాయి. ఏడో సోమవారం ఫోన్ రాలేదు. నేను సాయంత్రం దాకా ఆ ఫోన్ పక్కనే కూర్చున్నాను.

మూడో విడత ఫారాలు ఇవ్వడానికి ఆవిడే స్వయంగా వచ్చారు. ఎప్పుడూ ఫారాల కింద వేళ్లాడే అదనపు కాగితాల్లేవు. ముంగిలి ఫారం తీసి చూశాను. పప్పులో రాళ్లు లేవు. గోడౌన్‌లో ఎవరో శ్రద్ధగా ఏరుతున్నారని పక్కన చిన్న అక్షరాలతో రాశారు. పట్టిన సమయం రెండు నిమిషాలు. సంబంధం లేని మాటలు, లేవు. పలకరింపు, బాగుంది. గళ్లన్నీ నిండాయి, ఒక్కటీ ఎర్రబడలేదు. మూడింటిలోనూ ముంగిలే మొదటిదని కంప్యూటర్ తేల్చింది.

"ఈసారి కాగితమేదీ జతచేయలేదేమండీ?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"రాయడానికేం లేదు బాబూ. ఇప్పుడు మూడు చోట్లా ఒకటే. గుడ్ మార్నింగ్ అంటారు, సంచి చేతిలో పెడతారు." ఆవిడ ఇంటర్వ్యూనాడు మేమిచ్చిన పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. "ఇంక నేను రాను. వేరే ఎవరినైనా చూసుకోండి. ఆ ఉత్తరం సంగతి కూడా ఇంక కనుక్కోకండి. మీరేం చేస్తారు, పంపారు. నేను అబద్ధం రాశాను కదా, అందుకే దానికి జవాబు రాలేదనుకుంటున్నాను."

ఆ మాటకి నేను నోరు విప్పి ఉండాల్సింది. ఫైలు నా వెనక బీరువాలోనే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. ఆవిడ మెట్లు దిగుతూ, మోకాలి నొప్పి వల్ల ప్రతి మెట్టు దగ్గరా ఆగారు. పరుగెత్తి వెళ్లి చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. నేను కుర్చీలోంచి లేవలేదు.