పంక్తిలోంచి లేపినాయన

నా చిన్నప్పుడు ఒకాయన నన్ను అరిటాకు ముందు నుంచి లేపేశాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కోపం మాత్రం బతికే ఉంది. దాన్ని చంపుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

ఈ మాటలు నా చేత్తో నేనే రాస్తున్నాను. మనవలు పుట్టాక నేర్చుకున్న అక్షరాలు ఇవి. సింగపూర్‌ జురాంగ్ వెస్ట్‌లో మా పక్క ఫ్లాటుకి కంప్యూటర్ ఉద్యోగం మీద హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పింది. మొన్న ఆ అమ్మాయే, "ఆంటీ, రాయడం వచ్చేసింది కదా, మీ చిన్నప్పటి మంచి విషయం ఏదైనా రాయండి" అంది. మంచి విషయమో కాదో చదివినవాళ్లు చూసుకోండి.

అప్పట్లో మేము టోవా పాయోలో కొత్తగా కట్టిన ఫ్లాట్లలో ఉండేవాళ్లం. మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో మూటలు మోశాడు. మా నాన్నదీ అదే పని. సింగపూర్‌లో తెలుగువాళ్లు గుప్పెడు మందే. అంత కొద్దిమందిలోనూ ముందు కూర్చునేవాళ్లు వేరు, వెనక కూర్చునేవాళ్లు వేరు. ఆఫీసుల్లో గుమాస్తా పనులు చేసేవాళ్లంతా ముందు. ఏడాదికోసారి ఉగాదికి ఒక హాలు తీసుకుని అందరం కలిసేవాళ్లం. పచ్చడి కలపడం మటుకు ఎప్పుడూ మా నాయనమ్మే. ఆవిడ చేతి రుచి ఇంకెవరికీ రాదని ముందు కూర్చునేవాళ్లే ఒప్పుకునేవాళ్లు.

నాకప్పుడు ఏడో ఎనిమిదో ఏళ్లుంటాయి. ముందు పంక్తిలో ఖాళీ కనబడితే వెళ్లి కూర్చున్నాను. ఎవరి చోటు ఎక్కడో నాకెవరూ చెప్పలేదు. పులిహోర వడ్డించారు. ముద్ద చేసుకుంటుంటే మా తెలుగు సంఘం పెద్దాయన వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. గట్టిగా కూడా కాదు. అడ్డంగా ఉన్న స్టూలు జరిపినట్టు జరిపాడు. "మీవాళ్లది రెండో పంక్తి, లే" అన్నాడు. నేను లేచిన చోట ఆయన కూతురు కూర్చుంది. నా ఆకు మడిచి తీసేసి ఆ పిల్లకి కొత్త ఆకు వేశారు. లేపినప్పుడు రాని ఏడుపు ఆ ఆకు తీసేస్తుంటే వచ్చింది. మా నాన్న చూసి తలొంచుకున్నాడు.

నాయనమ్మ వంటగది గుమ్మంలోంచి అంతా చూసింది. నన్ను బస్సెక్కించి ఇంటికి తీసుకొచ్చి, అన్నం వండి, తనే కలిపి పెట్టింది. ఏడాదంతా ఆ ఊసెత్తలేదు. ఆ పెద్దాయన మార్కెట్లో ఎదురైతే నవ్వుతూ దండం పెట్టేది. పక్కన నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయేది. ముసల్ది మర్చిపోయిందనుకున్నాను.

మళ్లీ ఉగాదికి పచ్చడి కలపమని కబురొచ్చింది. మా నాన్న వెళ్లొద్దన్నాడు. ఆవిడ వినలేదు. ఈసారి రెండు గిన్నెలు కట్టింది. పెద్దదాంట్లో ఎప్పుడూ చేసే పచ్చడి. చిన్నదాంట్లో లేత వేపాకు నూరి పిండిన రసం, రంగు కోసం కాస్త చింతపండు పులుసు, పైన నాలుగు మామిడి ముక్కలు. నులిపురుగులకి పిల్లలకి పట్టించే మందే అది, ఇంకాస్త చిక్కగా. మనిషికేమీ కాదు. నాలుక మాత్రం ఆ పూటకి పోయినట్టే.

మా హాల్లో ఒక పద్ధతుండేది. పచ్చడి ముందు పెద్దాయన పుచ్చుకుని, మొదట ఏ రుచి తగిలిందో పైకి చెప్పాలి. అదే మా అందరికీ ఆ ఏటి ఫలం. ఆయన ఏటేటా తీపి అనేవాడు, అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. దేవుడి ముందు పెట్టింది కాబట్టి ఉమ్మేయడానికి లేదు.

నాయనమ్మ చిన్న గిన్నె పట్టుకెళ్లి ఆయన గ్లాసులో పోసింది. ఆయన ఒక్క గుక్కలో తాగాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏటి తగిలింది బాబూ?"

"తీపి" అన్నాడు. చప్పట్లు మోగాయి.

"అయితే మరో గరిటె పుచ్చుకోండి. ఏడాదికోసారి కదా." అడక్కుండానే పోసేసింది. అందరూ చూస్తున్నారు. అదీ మింగాడు. మెడ నరాలు తేలాయి. నాయనమ్మ ముందు పంక్తిలో కూర్చున్న ఆయన కూతురి వైపు తిరిగి గరిటె ఎత్తింది. "పాపకీ ఎయ్యనా?"

ఆయన గబుక్కున పిల్ల గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "పాపకొద్దు."

"తీపేనన్నారు కదా బాబూ. తమ పిల్ల తీపి తినదా ఏటి?"

నిజం చెప్తున్నాను, ఆ పిల్ల తాగాలని నేను కోరుకున్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను. పెద్దాయన చెయ్యి తియ్యలేదు. నాయనమ్మ గరిటె దించలేదు. చివరికి ఆయనే, "చేదు" అని గొణిగాడు.

"ఎనకోళ్లకి వినబళ్లేదు బాబూ."

"చేదుగా ఉంది. పిల్లకి పొయ్యకు."

"పోయినేడు నా మనవరాలికీ చేదే తగిలింది. అప్పుడెవరూ చెయ్యి అడ్డం పెట్టలేదు" అంది. గరిటె దించి, పెద్ద గిన్నె తెచ్చి, ఆ పిల్లతో మొదలుపెట్టి అందరికీ మామూలు పచ్చడి పోసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ముందు పంక్తిలో కూర్చోబెట్టింది. ఎవ్వరూ లేపలేదు. నేను రెండుసార్లు పులిహోర వేయించుకుని తిన్నాను.

ఆ ఏడు ఎవరి ఉద్యోగం పోయినా, ఎవరికి జ్వరమొచ్చినా, ఆయన నోటి చేదే అన్నారు జనం. మరుసటి ఉగాదికి పెద్దరికం ఇంకొకాయనకిచ్చారు. ముందు పంక్తి, రెండో పంక్తి గొడవ పోయిందా అంటే, పోలేదు. మా ఇంటి పిల్లల రెక్క మాత్రం మళ్లీ ఎవరూ పట్టుకోలేదు. పెద్దాయన మార్కెట్లో మమ్మల్ని చూస్తే తలతిప్పుకుని పోయేవాడు. అప్పుడు కూడా నాయనమ్మ దండం పెట్టేది.

కోపాన్ని నవ్వు మొహం వెనక దాచి ఉంచడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. అక్షరాల కంటే చాలా ముందు నేర్చుకున్న విద్య అది, ఇంకా చేతిలోనే ఉంది. ఇప్పుడు కంప్యూటర్ల వాళ్లు వేలల్లో వచ్చారు. వాళ్ల ఉగాది పెద్ద ఆడిటోరియంలో. మొన్న వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. రాఫెల్స్ ప్లేస్‌లో ఏదో పెద్ద బ్యాంకులో పనిచేసే కుర్రాడట, మెడలో కార్డు వేలాడుతోంది, వచ్చి వంగి, "ఆంటీ, ఇవి స్పాన్సర్ ఫ్యామిలీస్‌కి రిజర్వ్ చేశాం, కొంచెం వెనక్కి వెళ్తారా" అన్నాడు. నా మనవడు సిగ్గుపడి నా కొంగు లాగాడు, వెళ్లిపోదాం లా అంటూ, ఇక్కడి పిల్లల యాసలో.

నేను లేవలేదు. "అలాగా నాయనా, నీ పేరేంటి?" అని నవ్వుతూ అడిగాను. పాపం, చెప్పాడు.