ఇంట్లోకి రాని కర్ర

సోమవారం ఉదయం కాలేజీ ల్యాబులో మా మేడమ్ కోసం చూస్తున్నాను. ఆవిడ రాలేదు, ఫోన్ వచ్చింది. ఆవిడకు తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందట, ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయిందట. "రాంగ్ నంబర్ అండీ" అని పెట్టేశాను. శనివారం సాయంత్రం జిగురు పారబోశానని నన్ను తిట్టిన మనిషి చనిపోవడమేమిటి?

ఆవిడ దగ్గరే ఎలక్ట్రానిక్స్ చదివి, ఆవిడ ల్యాబులోనే సహాయకురాలిగా చేరాను. సరిగా నడవలేనివాళ్ల కోసం మేమొక సెన్సర్ల కర్ర చేస్తున్నాం. ముందు రాయో, గుంతో, మేకో ఉంటే పిడి వణుకుతుంది. మొదటిరోజే మేడమ్ ల్యాబులో మా అందరి మోకాళ్లకు తువ్వాళ్లు బిగించి, చేతికి మామూలు కర్ర ఇచ్చి, "మీ తెలివి తర్వాత చూపిద్దురు, ముందు క్యాంటీన్ నుంచి టీ తెండి" అన్నారు. ఒక్క గ్లాసూ నిండుగా రాలేదు.

పామిడిలో పక్షవాతంతో కుడివైపు పడిపోయిన పెద్దాయనకు ఆ కర్ర ఇచ్చాం. ఒకప్పుడు గొర్రెలు కాసిన మనిషి. వీధిలో దర్జాగా నడిచాడు. గడప దగ్గరికి రాగానే కర్రను చెప్పుల పక్కన ఆనించి, గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ లోపలికి పోయాడు.

"మా మామ ఈడనే పడినాడు మేడమ్. కర్ర పట్టుకోమంటే వినడు" అంది కోడలు.

"పేడంతా తొక్కిన కర్రమ్మా అది! లోపల దేవుడుండాడు. యాడికి తెచ్చేది?" అన్నాడాయన.

నాకు నవ్వొచ్చింది. బస్సెక్కగానే మేడమ్ అందుకున్నారు. "ఏం నవ్వినావు? చెప్పులేసుకొని మీ వంటింట్లోకి పోతావా నువ్వు? ఆయన తప్పేమీ లేదు. కర్రకు చెప్పు విప్పే దారి మనమే పెట్టలేదు."

ఆ తర్వాత ఆవిడకు అదే ధ్యాస. కర్ర అడుగున రబ్బరు తొడుగు ఒంటిచేత్తో తిప్పితే ఊడిరావాలి. కుడిచెయ్యి కొంగుతో కట్టేసుకుని, ఎడమచేత్తో తిప్పి తిప్పి విసుక్కునేవారు. శనివారం అది ఊడొచ్చింది. చిన్నపిల్లలా నవ్వి, "సోమవారం పామిడికి పోదాం. ఆయన ఇంట్లో పడకుండా నడిస్తే నాకంతే చాలు" అన్నారు. మధ్యలో ఒక్క ఆదివారమే కదా ఉంది! నాకు ఏడుపు కంటే ముందు కోపమొస్తోంది, ఎవరి మీదో తెలియదు.

కర్మలయ్యాక ఒక్కదాన్నే పామిడి వెళ్లాను. పెద్దాయనకు ముందు ఆ కబురే చెప్పాలనుకున్నాను, కానీ కర్రకు చుట్టిన గుడ్డ విప్పాను. కొత్త కర్ర చేతిలో పెట్టి, తొడుగు చూపించాను. అరుగు మీద కూర్చుని, ఎడమచేత్తో దాన్ని తిప్పి తీసి, చెప్పుల పక్కన పెట్టాడు. లేచాడు. గడప దగ్గర పిడి వణికింది. కాలెత్తి దాటాడు. వంటింట్లోంచి వచ్చిన కోడలు తడిచేతులతో అట్లే నిలబడిపోయింది.

గోడను ముట్టకుండా దేవుడి గూటి దాకా నడిచి, ఇటు తిరిగాడు.

"మీ మేడమ్ బయటే నిలబడిందేమమ్మా? లోపలికి రమ్మను. ఈ కర్రతో ఎట్ల నడుస్తాండానో చూస్తుంది."

నేనూ వీధివైపు తిరిగి చూశాను.