నేను చెరిపేసిన సవరణ ఫైలు

సారం అనే పేటలో మా ఆఫీసు ఒక మందుల షాపు పైన ఉండేది. మొత్తం పదకొండు మందిమి. కాలాపేట దగ్గర సముద్రం అడుగున మా కంపెనీ పెట్టిన కొలత పరికరం ఒకటి నీటి ఒత్తిడిని నమోదు చేసి పంపేది. మా ప్రోగ్రామ్ దాన్నుంచి అలల ఎత్తు లెక్కకట్టి, చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఫోన్లలో తెల్లవారకముందే తమిళంలో వినిపించేది.

ఆ లెక్కంతా రాసినాయన మా ఆఫీసులో అందరికంటే పెద్దవారు. ఆయనదీ మాలాగే తరాల క్రితం ఈ తమిళ ప్రాంతంలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. తెలుగు చదవడం రాదుగానీ, పక్కన ఎవరూ లేకపోతే నాతో తెలుగులోనే మాట్లాడేవారు. నేను సార్ అనేదాన్ని.

కొత్తగా వచ్చిన మేనేజర్ ప్రోగ్రాములన్నీ పైథాన్ భాషలోకి మార్చాలన్నాడు. మీటింగులో నా అభిప్రాయం అడిగాడు. సార్ నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. ఆయన సి ప్లస్ ప్లస్‌లో రాసిన లైబ్రరీని, అంటే ఆ లెక్కల కోడు మొత్తాన్ని, మార్చనక్కర్లేదనీ, పైథాన్ నుంచి పిలుచుకుంటే చాలనీ చెప్పాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. దాన్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక మనిషి కూడా అవసరం లేదన్నాను. నెల తిరక్కుండానే ఆయన్ని పంపించేశారు. కోడంతా సర్వర్లో భద్రంగా ఉందన్న నమ్మకంతో, ఆయన కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసి కొత్తగా చేరినామెకు ఇచ్చింది నేనే.

ఆ వానాకాలంలో సర్వర్ కాలిపోయింది. బ్యాకప్‌లో ఉన్న కోడుతో లైబ్రరీని కొత్త మిషన్ మీద మళ్ళీ కట్టాల్సి వచ్చింది. కట్టడం పూర్తయ్యేది, పైథాన్ దాన్ని తెరవబోతే ఎర్రర్ వచ్చేది. మొదట్లో చిక్కు పేర్లతో. కోడును మిషన్ భాషలోకి మార్చే సి ప్లస్ ప్లస్ కంపైలర్ ప్రతి ఫంక్షన్ పేరుకూ, అంటే ఒక్కో పని చేసే కోడు ముక్క పేరుకూ, తన గుర్తులేవో తగిలిస్తుంది, పైథాన్‌కు తెలిసింది అసలు పేరే. పేర్లు మార్చొద్దని కోడులో చెప్పాక ఆ గొడవ పోయింది. తర్వాత, తోడుగా ఉండాల్సిన లైబ్రరీలను వరస తప్పి ఇచ్చానని తేలింది. అదీ సర్దాను. చివరికి ఒక్క ఎర్రర్ మిగిలింది. సవరణ అనే అర్థం వచ్చే ఒక ఫంక్షన్‌ను కోడు పిలుస్తోంది, దాన్ని రాసిన ఫైలు మాత్రం ఎక్కడా లేదు. సర్వర్లో ఇన్నాళ్ళూ నడిచింది సార్ తన కంప్యూటర్లో కట్టి పెట్టిన లైబ్రరీ, అదీ సర్వర్‌తోనే పోయింది. మూడు రోజులు బ్యాకప్‌లన్నీ గాలించాను. ఫోన్లకు వెళ్ళే మాట ఆగిపోయి అప్పటికి వారం.

అదే పేరుతో ఒక ఖాళీ ఫంక్షన్ పెట్టి, వచ్చిన అంకెను వచ్చినట్టే తిప్పి పంపమన్నాడు మేనేజర్. పెట్టాను. ఎర్రర్ పోయింది, అంకెలు వచ్చాయి. అనుమానం తీరక, కిందటేడు తుఫాను రోజు రికార్డును దానికిచ్చి చూశాను. పడవలను ఒడ్డుకు విసిరికొట్టిన ఆ రోజు సముద్రం నెమ్మదిగా ఉందని చెప్పింది. అడుగుకు చేరేసరికి అలల ఒత్తిడి తగ్గిపోతుంది, తగ్గిన దాన్ని మళ్ళీ పెంచి చూపేదే ఆ సవరణ. నా ఖాళీ ఫంక్షన్‌ను తీసేసి, సార్ ఇంటికి బయల్దేరాను.

నటేశన్ నగర్‌లో వాళ్ళ ఇల్లు. తలుపు తీసిన ఆయన భార్య, షుగరు వల్ల ఆయనకు ఒక కన్ను పోయి, రెండోదాని చూపు కూడా బాగా తగ్గిందని వాకిట్లోనే మెల్లగా చెప్పింది. ఆయన నన్ను గొంతుతోనే గుర్తుపట్టారు. జరిగింది చెప్పాను.

"ఆ ఫైలు నా మిషన్లోనే ఉండాది గదమ్మా. దాన్ని ఎవురు తీసేసినారు?"

"నేనే, సార్."

ఆయన లోపలికి తిరిగి, నాకు కాఫీ పెట్టమని భార్యకు చెప్పారు.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నాలు ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్ళేదాన్ని. నేను ఒక్కో లైను చదివితే ఆయన తర్వాతి లైను చెప్పేవారు. మొదటి రోజే ఫంక్షన్ తయారై, లైబ్రరీ ఏ ఎర్రరూ లేకుండా తెరుచుకుంది. నేను సంతోషంగా ఆ మాట చెబితే ఆయన తల అడ్డంగా ఊపారు.

"మిషన్‌కి పేరు దొరికితే సాలు, అది సుమ్మా, ఊరికే ఉంటాదమ్మా. లోపల ఏముండాదో దానికేం తెలుసు?"

ఆయన అన్నట్టే అయింది. సూత్రం పుస్తకాల్లో దొరికేదే. దానికి తోడు కావలసిన అంకెల పట్టిక మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. రెండేళ్ళపాటు ఆయన సెలవు రోజుల్లో పడవలెక్కి వెళ్ళి, కళ్ళతో చూసిన అలను పరికరం పంపిన అంకెతో పోల్చి రాసుకున్న పట్టిక అది. కాగితం మీద పెట్టలేదు, నేరుగా ఆ ఫైల్లోకే ఎక్కించారు. గుర్తున్నంతవరకు చెప్పారు. చెప్పినవాటిని పాత రికార్డులతో సరిచూస్తే ఒక రోజు సరిపోయేది, మరో రోజు మనిషెత్తు తేడా వచ్చేది. మళ్ళీ కొలవాలంటే ఆయన సముద్రం మీదికి వెళ్ళాలి. వెళ్ళినా ఆయనకు అల కనపడదు. నేను వెళ్తానని ఆఫీసులో అడిగాను. మేనేజర్ వినిపించుకోలేదు.

మూడో వారం ఒక మధ్యాహ్నం, నేను చదువుతుండగా ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఇంక రాబాకమ్మా. నువ్వొచ్చినప్పుడంతా నాకు ఆ పోయిన పట్టికే మతికొస్తా ఉండాది. నిద్ర పట్టల్యా."

ల్యాప్‌టాప్ మూసేశాను. క్షమించమని అడగాలనుకున్నాను, ఆయన ముఖం చూశాక అడగలేదు. ఆయన భార్య గేటు దాకా వచ్చి, కోపంతో అన్నది కాదు, ఏమీ అనుకోవద్దని చెప్పింది. ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ లెక్క ఇక కుదరదని, వేసవి రాకముందే కంపెనీ ఆ పరికరాన్ని సముద్రంలోంచి పీకించేసింది. కాలాపేటలో దాన్ని కనిపెట్టుకుని ఉండే మత్స్యకారుడికి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఫోన్లో ఆ మాట ఆగిన రోజు నుంచే తాము ఒడ్డున నిలబడి చూసుకుని వెళ్తున్నామన్నాడు. చీకట్లో బయల్దేరేవాళ్ళకు ఏం కనిపిస్తుందని అడిగాను. ఏమీ కనిపించదన్నాడు.

తర్వాత నేను ఉద్యోగం మారాను. సార్‌కు రెండో కన్ను కూడా పోయిందని, కూరగాయల కొట్టు దగ్గర ఎదురైనప్పుడు ఆయన భార్య చెప్పింది. ఒకసారి వచ్చి పొమ్మని ఆమె అడగలేదు. వస్తానని నేనూ అనలేదు.