డేగ పుంజు ఊరేగింపు

ఆమదాలవలసలో జరిగిన నాటుకోళ్ల ప్రదర్శనలో తాయారు డేగ పుంజుకు మొదటి బహుమతి వచ్చిందని ఫోన్లో తెలియగానే, పాతపట్నం పక్కనున్న వాళ్ల ఊళ్లో డప్పులు సిద్ధమైపోయాయి. గెలిచిన పుంజును గడప గడపకూ తిప్పడం అక్కడి ఆనవాయితీ. ప్రతి ఇంట్లోనూ దాని కాళ్లకు పసుపు రాసి, కాసేపు తమ కోళ్ల మధ్య వదులుతారు. దాని పౌరుషం తమ కోడిపిల్లలకూ వస్తుందని నమ్మకం.

తాయారు మాత్రం ఆటోను ఊరి బయటే ఆపించింది. పుంజును పొలంలోని మోటారు షెడ్డులో పెట్టి గొళ్లెం వేసి, బోరు నీళ్లతో కాళ్లూ చేతులూ శుభ్రంగా కడుక్కుంది. బహుమతి కప్పును కూడా సర్ఫు నీళ్లలో ముంచి తోమింది. ప్రదర్శనలో ఎక్కడెక్కడి కోళ్లో పక్కపక్క బుట్టల్లో ఉన్నాయి. ఏది ఏ జబ్బు మోసుకొచ్చిందో పైకి కనపడదు కదా. అందుకే మూడు వారాల దాకా పుంజు ఊళ్లోకి రాదని కబురు పెట్టేసింది.

కబురు విని ఊరే షెడ్డు దగ్గరికి వచ్చింది. అందరికంటే ముందు ఆమె భర్తకు అన్నగారు కూర్మయ్య. కప్పు రాగానే మరదలికి కళ్లు నెత్తికెక్కాయని దారి పొడవునా అంటూనే వచ్చాడు.

“తలుపు తియ్యి తాయారూ. నీకోసం ఊరి మర్యాద మార్సీమంటావేటి?”

ఆమె తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

“పోయినేడు నీ పుంజుని ఇలాగే తిప్పినాం కదా బావా. నెల తిరక్కుండా ఊళ్లో కూతేసే కోడి మిగిలిందేటి?”

అప్పుడొచ్చింది కొక్కెర తెగులు. మెడలు వంకర తిరిగి ఇంటింటా కోళ్లు రాలిపోయాయి. తాయారు పెరట్లో ఒక్కటీ మిగల్లేదు. పుట్టింటి నుంచి కోడిపిల్లల్ని తెచ్చి మంద మళ్లీ నిలబెట్టుకుంది. ఈ డేగ ఆ పిల్లల్లోదే. ఇప్పుడు పెరట్లో పెట్టలు గుడ్లు పొదుగుతున్నాయి.

“గాలికొచ్చిన తెగులుకి నా పుంజునంటావేటి?” కూర్మయ్య గొంతు పెంచాడు.

“నీ పుంజుని అన్నేదు, తిప్పిన మనందర్నీ అంతన్నాను. ఈపాలి తిప్పనివ్వను. డప్పులు కొట్టాలనుంటే కప్పుని ఊరేగించుకోండి. తోమేసినాను, దానికి తెగులు రాదు.”

డప్పులవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. తన గడపకు రాని పుంజు గెలిచినా ఓడినా ఒకటేనని కూర్మయ్య విసురుగా వెళ్లిపోయాడు. పక్కింటి భారతి మాత్రం ముందుకొచ్చి, కప్పును నెత్తిన పెట్టుకుని ఊరివైపు నడిచింది.

కాసేపటికి డప్పులు మోగాయి. షెడ్డులో పుంజు రెక్కలు కొట్టుకుని గట్టిగా కూసింది.

“కుయ్యి. అక్కణ్నించే కుయ్యి,” అంది తాయారు, తలుపు దగ్గర్నుంచి లేవకుండానే.